బంతి లేపినవాడి పేరు

ఆ ఫైలు అట్ట ఆకుపచ్చ. దాని మీద నా చేత్తోనే ‘వాలీబాల్’ అని ఇంగ్లీషులో రాసి కింద గీత గీశాను. రెండు చలికాలాల మ్యాచ్ రిపోర్టులు అందులో ఉండేవి. అన్నీ నేను టైపు చేసినవే. ఒక మనిషికి మూడేళ్ళ కాంట్రాక్టు ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి మా మేనేజరు ఆ ఫైలును ముందు పెట్టుకున్న రోజు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన మీద ఎంత మండుతుందో నా మీదా అంతే మండుతుంది. అందుకే ఇన్నాళ్ళూ ఈ సంగతి రాయలేదు.

తొంభైలు మొదలైన కొత్తలో నేను ఒమాన్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో టైపిస్టుగా పనిచేసేవాణ్ణి. అంతకు ముందు పదకొండేళ్ళు ఒక తెలుగు దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో ఉన్నాను. కంపెనీ ఆఫీసు బౌషర్‌లో. కూలీల క్యాంపు మబేలాలో, కొత్తగా ఇళ్ళు కడుతున్న సైటు పక్కన. నాకు రూమ్ కూడా క్యాంపులోనే ఇచ్చారు. పొద్దున్నే స్టాఫ్ వ్యాన్‌లో ఆఫీసుకు వెళ్ళి సాయంత్రం తిరిగి వచ్చేవాణ్ణి. క్యాంపులో చాలామందికి ఉత్తరాలు రాసిపెట్టేవాణ్ణి, ఇంగ్లీషు కాగితాలు చదివిపెట్టేవాణ్ణి. స్టోర్ కీపరు భాయ్ నాకు ‘అఖ్‌బార్ సాబ్’ అని పేరు పెట్టాడు. పేపరాయన అని. ఆ పేరే అందరి నోటా నిలిచిపోయింది.

ఆ భాయ్ హైదరాబాద్ పాతబస్తీ మనిషి. పగలు సుత్తులు, మేకులు, ప్లైవుడ్ లెక్క చూసేవాడు. శుక్రవారం వచ్చిందంటే మా వాలీబాల్ జట్టుకు కోచ్, మేనేజరు, డ్రైవరు, అంపైరుతో పోట్లాడేవాడు కూడా ఆయనే. వయసులో ఉన్నప్పుడు ఏదో రైల్వే జట్టుకు ఆడానని చెప్పేవాడు. నేను నమ్మేవాణ్ణి. బంతి వస్తుంటే ఆయన భుజాలు వాటంతటవే కదిలేవి.

క్యాంపు వెనక రాళ్ళ నేల. ఆ రాళ్ళు ఏరి, రోలరుతో తొక్కించి, స్కాఫోల్డింగ్ పైపులు రెండు పాతి నెట్టు కట్టారు. గీతలకు సున్నం. చలికాలం మొదలైతే చుట్టుపక్కల కంపెనీల జట్లన్నీ శుక్రవారం మధ్యాహ్నాలు ఒకరి క్యాంపుకు ఒకరు వెళ్ళి ఆడేవి. మొదట్లో అది కూలీల కాలక్షేపం. తర్వాత ఓనర్లు చూడటానికి రావడం మొదలుపెట్టారు. జెర్సీలు వచ్చాయి, జెర్సీల మీద కంపెనీల పేర్లు వచ్చాయి. ఆ తర్వాత మంచి ఆటగాళ్ళకు సైటు పని తప్పించి నీడపట్టున ఏదో ఒక ఉద్యోగం ఇచ్చి కట్టేసుకోవడం వచ్చింది. మా ఓనరు కూడా అలాంటి పోస్టు ఒకటి మంజూరు చేశాడు. అసిస్టెంట్ స్టోర్ కీపర్, స్టాఫ్ గ్రేడు, మూడేళ్ళ కాంట్రాక్టు, ఏడాదికొకసారి ఇంటికి టికెట్టు. మాలాంటి కంపెనీలో ఒక కూలీకి అది మాటలు కాదు. రెండేళ్ళకు ఒకసారి ఇంటి ముఖం చూసే మనుషులు వాళ్ళు.

పోస్టు ఒకటే. జట్టులో దానికి తగినవాళ్ళు ఇద్దరు కనిపించారు.

ఒకతను స్మాషర్. గుంటూరు వైపు మనిషి, ఆరడుగుల పైన ఎత్తు. సైటులో ఇనప చువ్వలు వంచే పని. నెట్టు దగ్గర ఎగిరి కొట్టాడంటే బంతి అవతల నేలను తాకి మళ్ళీ తల ఎత్తున లేచేది. జనం ఈలలు వేసేది అతని కోసమే. మాట కూడా పెద్ద గొంతే.

రెండో అతను లిఫ్టర్. ఆట తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. అవతలివాళ్ళు కొట్టిన బంతిని ఒకడు అందుకుంటాడు. అది ఎటు ఎగిరితే అటు పరుగెత్తి, దాని కిందకు చేరి, పది వేళ్ళతో మెత్తగా పైకి లేపి, కొట్టేవాడి చేతికి అందే చోట పెట్టేవాడు లిఫ్టర్. ఎవరికి ఇవ్వాలి, ఎంత ఎత్తున ఇవ్వాలి, అవతలివాళ్ళు ఎటు చూస్తున్నారు, అన్నీ రెప్పపాటులో అతనే తేల్చుకోవాలి. అతను కరీంనగర్ జిల్లా పల్లె నుంచి వచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. పొట్టివాడు, మాట తక్కువ. సైటులో షట్టరింగ్ పని, అంటే స్లాబు పొయ్యడానికి ముందు చెక్కలు బిగించడం, తర్వాత వాటిని ఊడదీయడం. పొద్దంతా చేతిలో సుత్తి.

ఆ ఎండాకాలంలో షట్టరింగ్ పలక జారి అతని కుడిచేతి ఉంగరపు వేలు నలిగింది. బౌషర్‌లో ఆసుపత్రికి తీసుకువెళ్ళినప్పుడు కాగితాలు చదవడానికి నేనూ వెళ్ళాను. ఎముక అతుక్కుంటుంది గానీ కొన్నాళ్ళపాటు ఆ చేత్తో సుత్తి పట్టకూడదని, ఇంకోసారి దెబ్బ తగిలితే కీలు బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పాడు. కంపెనీ ఇచ్చిన సెలవు వారం. ఎనిమిదో రోజు అతను సుత్తి పట్టుకున్నాడు. శుక్రవారాలు ఎలక్ట్రీషియన్ల దగ్గర నల్లటేపు అడిగి తెచ్చుకుని వేలికి చుట్టుకుని ఆడేవాడు. అందుకని స్టోరులో పోస్టు మంజూరైందని వినగానే భాయ్ మరో ఆలోచన లేకుండా అతని పేరు రాసి పంపాడు. లిఫ్టర్‌కు అది దొరికితే వేలు మిగులుతుంది. వేలు మిగిలితే ఆటా మిగులుతుంది, బతుకుతెరువూ మిగులుతుంది.

తొందరకు ఇంకో కారణం కూడా ఉంది. అల్ మవాలేలో ఫర్నిచర్ వ్యాపారం చేసే ఒక కంపెనీ అతన్ని అడుగుతోంది. అక్కడా గోడౌన్ పనే. కానీ ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారాలంటే పాత కంపెనీ అభ్యంతరం లేదని కాగితం ఇవ్వాలి. అందరం దాన్ని ఎన్.ఓ.సీ. అనేవాళ్ళం. అది లేకుండా వీసా అయిపోతే ఇంటికి వెళ్ళి, మళ్ళీ ఒమాన్ రావడానికి రెండేళ్ళు ఆగాలి. లిఫ్టర్ వీసా గడువు ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది.

శనివారం పొద్దున ఆఫీసులో మీటింగు పెట్టారు. మేనేజరు, ఓనరు మేనల్లుడు, భాయ్, పక్కన మినిట్స్ రాసుకోవడానికి నేను. ఓనరు మేనల్లుడు చదువుకున్న ఒమానీ యువకుడు. మర్యాదస్తుడు, భాయ్ లోపలికి వస్తే లేచి నిలబడి చెయ్యి కలిపాడు. మేనేజరు మనవాడే, ఇండియావాడే. ఏ రాష్ట్రమో చెప్పను. అలాంటివాళ్ళు అన్ని రాష్ట్రాల్లోనూ పుడతారు.

పోస్టు స్మాషర్‌కు ఇస్తే బాగుంటుందని మేనేజరు మొదటే అన్నాడు. భాయ్ ఓపిగ్గా హిందీలో చెప్పుకొచ్చాడు. టీ కప్పులు అటూ ఇటూ జరిపి ఎవరు ఎక్కడ నిలబడతారో చూపించాడు. చివరకు అన్నాడు, “సాబ్, కొట్టేవాణ్ణి మీరు చూస్తారు. లేపేవాణ్ణి అవతలి టీమ్ చూస్తుంది.”

మేనేజరు నవ్వి, మాటలు కాదు రికార్డు కావాలన్నాడు. బెల్లు కొట్టి ఆకుపచ్చ ఫైలు తెప్పించాడు.

ఇక్కడ నా సంగతి చెప్పుకోవాలి. పత్రికలో ఉన్నప్పుడు ఊళ్ళలో ఆటల పోటీల వార్తలు మాకు ఫోన్లో వచ్చేవి. వాటికి నాలుగు లైన్లకు మించి చోటు ఉండదు. ఎవరు గెలిచారు, ఎంత తేడాతో గెలిచారు, ఎవరు రాణించారు. అంతే. రాణించడమంటే పాయింట్లు తేవడం. మా డెస్క్ ఇన్‌ఛార్జి అయిదో లైను కనిపిస్తే కొట్టేసేవాడు. పదకొండేళ్ళ ఆ అలవాటు నా వేళ్ళలోకి దిగింది. క్యాంపులో ప్రతి శుక్రవారం మ్యాచ్ చూసి, శనివారం పొద్దున ఆఫీసులో నాలుగు లైన్లు ఇంగ్లీషులో టైపు చేసేవాణ్ణి. ఒక ప్రతి నోటీసు బోర్డుకు, ఒకటి ఓనరుకు, కార్బన్ ప్రతి ఫైలుకు. ఎవరూ అడగలేదు, నేనే సరదాపడి మొదలుపెట్టాను. అచ్చుకెక్కకపోయినా రాయకుండా ఉండలేని రోగం అది.

మేనేజరు ఒక్కో కాగితం తిప్పుతూ పైకి చదివాడు. స్మాషర్ పేరు ప్రతి కాగితంలో ఉంది. ‘అద్భుతమైన స్మాష్‌లతో’, ‘వరుస పాయింట్లతో’, ‘ఒంటిచేత్తో’. ఒంటిచేత్తో అని రాసింది నేనే. ఆ బంతులన్నీ రెండు చేతులతో లేపి ఇచ్చినవాడి పేరు కోసం ఆయన వేలు లైను లైనుకూ జరుగుతూ వెళ్ళింది. ఒక్క చోట దొరికింది. ‘జట్టులోని ఇతరులు’ అనే వరుసలో, చివరి నుంచి రెండోది.

“ఈ మ్యాచులన్నీ నువ్వు చూశావు కదా?” అని నన్ను అడిగాడు.

చూశానన్నాను.

“ఇవి రాసింది నువ్వే కదా?”

నేనేనన్నాను. అవి పేపరు పద్ధతిలో రాసినవని, అందులో పాయింట్లు తెచ్చినవాళ్ళ పేర్లే వస్తాయని, ఆ జట్టును నడిపేది లిఫ్టరేనని చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. రెండేళ్ళపాటు ప్రతి వారం రాసిన మాట నమ్మాలా, ఇవాళ నోటితో చెబుతున్న మాట నమ్మాలా అని అడిగాడు. పత్రికలో పనిచేసినవాడికి దీనికంటే అవమానం ఉండదు. పైగా అడిగినదాంట్లో తప్పు లేదు. అదే మరీ మండించింది.

ఓనరు మేనల్లుడు ఒక్క మంచి ప్రశ్న వేశాడు. ఇతను అంత గొప్పవాడు కాకపోతే అల్ మవాలే వాళ్ళు ఎందుకు అడుగుతున్నారని. మేనేజరు ఏమాత్రం తడుముకోకుండా, వాళ్ళ దగ్గర ఇలాంటి రికార్డు లేదు కదా, అందుకని, అన్నాడు. భాయ్ టీ కప్పు చప్పుడయ్యేలా కింద పెట్టాడు. చివరకు, వచ్చే శుక్రవారం మ్యాచ్ కూడా చూసి, దాని రిపోర్టు చదివి, ఆపై శనివారం తేలుద్దామన్నారు. ఆ శుక్రవారం మ్యాచ్ అల్ మవాలే జట్టుతోనే.

నా నోరు అదుపులో ఉండి ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదేమో. మంగళవారం సాయంత్రం క్యాంపులో వాటర్ కూలర్ దగ్గర లిఫ్టర్ కనిపించాడు. సైటు నుంచి వచ్చినవాడు వచ్చినట్టే, జుట్టు నిండా చెక్కపొట్టుతో, బాటిల్ నింపుకుంటున్నాడు. మీటింగులో ఏమైందో చెప్పకుండా ఉండలేకపోయాను. నా మనసు తేలికపడాలని చెప్పానే తప్ప అతనికి మేలు చేయాలని కాదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

అతను బాటిల్ మూత బిగించి అడిగాడు.

“గా ఫైల్ల నా పేరే లేదా సారూ?”

“ఒక్క చోట ఉంది.”

“రెండేండ్ల నుంచి ఆడుతున్న గద. మీరు గీత పక్కనే కుర్చీ ఏసుకొని కూసుంటరు.”

ఆ మాటలో నిష్ఠూరం లేదు. కుర్చీ ఎక్కడ వేసుకునేవాణ్ణో గుర్తు చేసినట్టుగా అన్నాడు. బంతి కొట్టినవాడి పేరే రాయడం పేపర్ల పద్ధతి అని ఏదో చెప్పాను.

“మరి నేను కొడ్తే రాస్తరా?”

“కొడితే రాయక తప్పుతుందా?” అన్నాను నవ్వుతూ. అతను నవ్వలేదు. తల ఊపి వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఎండ బాగుంది, గాలి లేదు. అల్ మవాలే జట్టు పికప్ వెనక కూర్చుని వచ్చింది. వాళ్ళ కెప్టెన్ కేరళ మనిషి, నెరిసిన మీసం. వస్తూనే లిఫ్టర్ దగ్గరకు వెళ్ళి వేలు ఎలా ఉందని అడగడం చూశాను. ఓనరు మేనల్లుడు కారు కూడా వచ్చి ఆగింది. మావాళ్ళు తిరగేసిన షట్టరింగ్ పలకల మీద వరుసగా కూర్చున్నారు. నేను ఎప్పటిలాగే గీత పక్కన కుర్చీ వేసుకున్నాను.

మొదటి సెట్‌లో మూడో బంతికే తేడా తెలిసింది. వెనకనుంచి వచ్చిన బంతి కిందకు లిఫ్టర్ ఎప్పటిలాగే చేరాడు. స్మాషర్ ఎగిరాడు. లిఫ్టర్ బంతిని అతనికి లేపకుండా తన వేళ్ళతోనే నెట్టు మీదుగా అవతలికి జారవిడిచాడు. అవతలివాళ్ళు ఊహించలేదు, అది నేల మీద పడింది. పాయింటు. జనం ఈలలు వేశారు. ఇంకో రెండు బంతులకు మళ్ళీ అదే. మళ్ళీ పాయింటు. రెండోసారి అతను నా కుర్చీ వైపు చూశాడు. నేను రాసుకుంటున్నానో లేదో చూశాడు.

నా చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. తర్వాత రాసుకున్నాను.

ఆ సెట్ మేమే గెలిచాం. భాయ్ మాత్రం గీత అవతల నిలబడి తిడుతూనే ఉన్నాడు. “అరే బేటా, ఉఠా! ఉస్కో ఉఠా!” లేపరా, వాడికి లేపరా అని. రెండో సెట్‌కు ఆ నెరిసిన మీసం కెప్టెన్ తన మనిషినొకణ్ణి నెట్టుకు దగ్గరగా తెచ్చి నిలబెట్టాడు. లిఫ్టర్ జారవిడిచిన బంతి ప్రతిదీ అతని చేతుల్లోకే వెళ్ళింది. అప్పుడైనా మానేస్తాడనుకున్నాను. ఇంకొకణ్ణి లేపమని సైగ చేసి తానే ఎగిరి కొట్టడానికి ప్రయత్నించాడు. అతని ఎత్తుకు బంతి నెట్టులో పడింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ నెట్టులోనే.

స్మాషర్ నాలుగుసార్లు ఎగిరి, చెయ్యి పైకెత్తి, బంతి రాక ఖాళీగా కిందకు దిగాడు. నాలుగోసారి దిగాక నడుము మీద చేతులు పెట్టుకుని అందరికీ వినబడేలా అన్నాడు.

“ఏరా తమ్ముడూ, నేనొకణ్ణి గాల్లో ఉంటానని మర్చిపోయావా ఏంటి?”

పలకల మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. లిఫ్టర్ తల ఎత్తలేదు. ఆ తర్వాత స్మాషర్ ఎగరడం మానేశాడు. రెండో సెట్ పోయింది, మూడోదీ పోయింది. ఆ చలికాలంలో మా క్యాంపులో మేము ఓడిపోవడం అదే మొదలు.

ఆట అయ్యాక అల్ మవాలే కెప్టెన్ భాయ్ పక్కన నడుస్తూ మీ లిఫ్టర్‌కు ఇవాళ ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. మామూలుగా అతను ఆడితే తాము గెలిచేవాళ్ళం కాదని కూడా అన్నాడు. ఆ మనిషి దగ్గర ఫైలు లేదు.

లిఫ్టర్ నా కుర్చీ దగ్గరకు వచ్చి గొంతుకూర్చుని వేలి టేపు ఊడదీసుకుంటున్నాడు. వేలు వాచి ఉంది. టేపు చివర దొరకక గోటితో గీకుతున్నాడు.

“సారూ, ఇయ్యాల నా పేరు వస్తదా?”

వస్తుందన్నాను.

“నాలుగైదు పాయింట్లయితే తెచ్చిన. గవన్నీ రాయిరి.”

ఓడిపోయిన మాట అతను ఎత్తలేదు. తెలియక కాదు. ఓడటం గెలవడం కాదు, ఫైలులో పేరుందా లేదా అన్నదే చూస్తారని అతనికి చెప్పింది నేనే. ఆడటం పుట్టుకతో వచ్చిన కుర్రాడు, తన ఆటను పక్కన పెట్టి, నా నాలుగు లైన్ల కోసం ఇంకెవరి ఆటో ఆడాడు. మేనేజరును ఎంత తిట్టుకున్నా ఈ ఒక్క విషయంలో ఆయనకు వాటా లేదు.

శనివారం రిపోర్టు టైపు చేస్తే మొదటిసారి అది నాలుగు లైన్లు దాటింది. మ్యాచ్‌లో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాశాను, లిఫ్టర్ పేరు అయిదు చోట్ల వచ్చింది. దాని కింద ఇంకో పెద్ద పేరా రాశాను. రెండేళ్ళుగా నేను రాసిన రిపోర్టుల్లో ఒక లోపం ఉందని, ఆ గెలుపుల్లో కొట్టిన ప్రతి బంతినీ ముందు ఇతను లేపాడని, నిన్న ఓడింది ఇతను లేపడం మానినందుకేనని, ఇంతకంటే రుజువు అక్కర్లేదని రాశాను. పత్రికలో సవరణ వేసేటప్పుడు చింతిస్తున్నాము అని రాస్తాం. ఆ మాట కూడా రాశాను.

మీటింగులో మేనేజరు మొదటి భాగం శ్రద్ధగా చదివాడు. రెండో భాగం మీద పెన్నుతో అడ్డంగా ఒక గీత గీసి, ఇది మ్యాచ్ కాదు కదా అన్నాడు. ఆ తర్వాత తేలిపోయింది. ఇతను బంతి తన దగ్గరే ఉంచుకునే స్వార్థపరుడని, పేరు వచ్చిన ఒక్క మ్యాచూ ఓడిపోయామని, అందువల్ల పోస్టు స్మాషర్‌కేనని. భాయ్ ఈసారి టీ కప్పులు జరిపి చూపించలేదు. ఆయన ముందురోజు నుంచే లిఫ్టర్‌తో మాట్లాడటం మానేశాడు.

అక్కడితో ఆగినా నాకు ఇంత కోపం ఉండేది కాదేమో. మనుషులు తప్పుడు అంచనాలు వేస్తారు. నేనూ వేశాను. ఓనరు మేనల్లుడు, సరే, మనకు అక్కర్లేదు కాబట్టి అల్ మవాలే వాళ్ళకు ఎన్.ఓ.సీ. ఇచ్చేద్దాం, పోనివ్వండి, అన్నాడు. సబబైన మాట. మేనేజరు కుర్చీలో ముందుకు జరిగాడు.

“అలా ఎలా ఇస్తాం? వెళ్ళి మన మీదే ఆడతాడు. మనం ఒక్క మ్యాచ్ గెలవం.”

కాంట్రాక్టు ఇవ్వడానికి ఆటగాడు కాడు, వదిలేయడానికి మాత్రం ఆటగాడు. ఈ రెండు మాటలూ ఒకే మనిషి నోటి నుంచి ఒకే అరగంటలో వచ్చాయి. ఒకదాని కింద ఒకటి మినిట్స్‌లో టైపు చేశాను. చదివినవాళ్ళెవరైనా గమనిస్తారని ఆశపడ్డాను. మేనేజరు చదివి సంతకం పెట్టాడు. ఓనరు మేనల్లుడు సంతకం పెట్టే ముందు ఒక నిమిషం ఆగి నా వైపు చూశాడు. తర్వాత ఆయనా పెట్టాడు. కాగితం ఫైలులోకి వెళ్ళిపోయింది.

లిఫ్టర్‌కు మిగిలినవి రెండు దారులు. పాత కూలీ కాంట్రాక్టే ఇంకో రెండేళ్ళకు రెన్యూవల్ చేసుకోవడం, సుత్తితో సహా. లేదా ఇంటికి వెళ్ళి రెండేళ్ళు తిరిగి రాకుండా ఉండటం.

ఆ ఆదివారం స్మాషర్ నా రూమ్‌కు వచ్చాడు. పెద్ద గొంతు మనిషి తలుపు దగ్గరే నిలబడి చెప్పులు విడవాలా వద్దా అన్నట్టు తటపటాయించాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఏవండీ, నేను వద్దంటే అది వాడికిస్తారా?”

నాకు తెలియదన్నాను. మర్నాడు ఆఫీసులో మేనేజరును అడిగాను. స్మాషర్ వద్దంటే పోస్టే రద్దవుతుందని, ఇంకెవరికీ ఇవ్వరని చెప్పాడు. సాయంత్రం ఆ మాటే స్మాషర్‌కు చేరవేశాను.

“లేపింది వాడండీ. నేను ఉత్తినే కొట్టాను, అంతే. మీరు మొన్న రాసిన కాగితం మావాళ్ళు నోటీసు బోర్డు మీద చూసి చెప్పారు. అదేదో ముందే రాస్తే పోయేది కదండీ.”

అతను స్టోరు కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు. ముగ్గురు పిల్లల తండ్రి, నేను అతన్ని ఏమీ అనలేను. లిఫ్టర్‌ను పట్టుకుని క్షమించరా తమ్ముడూ అన్నాడట. మెస్సులో అందరి ముందూ. దానికి లిఫ్టర్, “నువ్వు కొట్టకుంటే నేను లేపి ఏం జేసుకుందునే అన్నా,” అని, పప్పు గిన్నె అతని వైపు జరిపాడట. తర్వాతి శుక్రవారం నుంచి ఇద్దరూ మామూలుగానే ఆడారు. భాయ్ మూడు వారాలకు గానీ మాట కలపలేదు. కలిపిన రోజు స్టోరు నుంచి కొత్త చేతి తొడుగుల జత తెచ్చి లిఫ్టర్ మంచం మీద పెట్టి వెళ్ళాడు. ఆయన చేతిలో ఉన్నది అదొక్కటే.

వీసా గడువుకు పది రోజుల ముందు లిఫ్టర్ బౌషర్ ఆఫీసుకు వచ్చాడు. రెన్యూవల్ కాగితాలు నేనే టైపు చేశాను. ఇంగ్లీషులో ఒకటి, పక్కన అరబ్బీలో ఒకటి. మేనేజరు లోపల ఫోన్లో ఉన్నాడు. లిఫ్టర్‌ను నా బల్ల దగ్గరే కూర్చోబెట్టి, ప్రతి లైనూ తెలుగులో చదివి చెప్పాను. షట్టరింగ్ కార్పెంటర్, రెండేళ్ళు, అవే షరతులు. అతను వింటూ కాగితం మీద ఒక్కో చోట వేలు పెట్టి చూస్తున్నాడు. ఇంగ్లీషులో అతనికి తన పేరు మాత్రం చదవడం వచ్చు.

“గిదాంట్ల నా పేరు మూడు జాగల రాసిన్రు సారూ,” అన్నాడు.

అది వెటకారమో, నిజంగానే లెక్కపెట్టుకున్నాడో నాకు ఈరోజుకీ తెలియదు. నేను పెన్ను ఇచ్చాను. ఉంగరపు వేలు మడవలేక దాన్ని పక్కకు చాపి, మిగతా వేళ్ళతో పెన్ను పట్టుకుని, మూడు చోట్లా సంతకం పెట్టాడు. తడి ఆరేదాకా కాగితం కదలకుండా రెండు చేతుల పది వేళ్ళూ అంచుల మీద ఆనించి పట్టుకున్నాడు. తర్వాత లేచి, సైటుకు వెళ్ళే పికప్ బయట ఆగి ఉందని చెప్పి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం డ్యూటీ ఉంది.